దీవిలో రైలు కూత

మా పరిశోధన కేంద్రంలో నా అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఇండెక్స్ గారు అంటారు. పెద్ద పుస్తకాల చివర సన్న అక్షరాల్లో ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుంది కదా, అది తయారు చేయడం నా పని. ముప్పై నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను. రిటైరయ్యాక కూడా వారానికి మూడు రోజులు రమ్మన్నారు, వస్తున్నాను. ఇంట్లో కూర్చుంటే గోడగడియారం ఒక్కటే మాట్లాడుతుంది, అదీ చెప్పిందే చెబుతుంది.

కేంద్రంలో ఏం పరిశోధిస్తారని ఎవరైనా అడిగితే, పరాయి ఏలుబడి పోయిన దేశాల్లో ఏమేం మిగిలాయో చూస్తారని చెబుతాను. చట్టాలు, బళ్లు, ఆఫీసులు, అలవాట్లు. అది ప్రపంచంలో ఏ మూలనున్న దేశమైనా సరే. మా ఆవిడ ఇంకా పొట్టిగా చెప్పేది. "ఇల్లు ఖాళీ చేసినవాళ్లు గోడలకి ఎన్ని మేకులు వదిలేశారో చూసుకోవడం" అనేది.

ఆవిడా ఇక్కడే పనిచేసింది. పరిశోధకులు రికార్డు చేసి తెచ్చిన మాటల్ని చెవులకి తగిలించుకుని విని, టైపు చేసేది. ఆవిడ పోయి పదకొండేళ్లయింది.

ఈసారి నా బల్ల మీదకి వచ్చిన ప్రూఫులు ప్రొఫెసరమ్మవి. నాలుగు వందల పన్నెండు పేజీలు. పద్నాలుగేళ్ల పని. ఆవిడ చిన్న పరిశోధకురాలిగా ఈ కేంద్రంలో చేరినప్పుడు మొదట మాట కలిపింది మా ఆవిడతోనే. అప్పటినుంచి మా ఆవిడ అక్క, నేను బావగారు. ఇప్పుడు జుట్టు తెల్లబడి శాఖకి అధిపతి అయినా ఆ పిలుపులు మారలేదు. పుస్తకం తెరవగానే, ఖాళీ పేజీ మధ్యలో ఒకే ఒక్క వాక్యం: "అందరి మాటా విన్న అక్కకి."

ఆ పేజీ చూసి కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాను. తుడవాల్సినంత మురికేం లేదు దానికి.

పుస్తకం కథ చెప్పాలి. ప్రపంచంలో నాలుగు చోట్ల, పాత పాలకుల ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన గుమస్తాలని అరవై మందిని ప్రశ్నలు అడిగారు. నాలుగు చోట్లనీ మేం ఆఫీసులో దీవి, పీఠభూమి, రేవు, ఎడారి అంచు అని పిలుచుకునేవాళ్లం. గుమస్తాలు కాబట్టి అందరూ ఆ పాలకుల భాషలోనే గడగడా మాట్లాడారు. పీఠభూమికి ప్రొఫెసరమ్మ స్వయంగా వెళ్లింది. దీవిలో ఒక స్థానిక సహాయకుడు మాట్లాడించి కాసెట్లు పోస్టులో పంపాడు. ఒక్కొక్కరికి రెండేసి కాసెట్లు. దీవి కాసెట్లకి నీలం చీటీ, పీఠభూమి కాసెట్లకి ఆకుపచ్చ చీటీ; చీటీ మీద నంబరు తప్ప ఊరి పేరుండదు.

ఇందులో పీఠభూమి ఏడో నంబరు గుమస్తా ఒక మాట చెప్పాడు. దొర వెళ్లిపోయాక కూడా ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదట. కుషన్ మీద దొర కూర్చున్న పల్లం అలాగే ఉండేదట. రోజూ పొద్దున ఆ గదిలోకి వెళ్లి, ఖాళీ కుర్చీకి తల వంచి, ఫైళ్లు తెచ్చుకునేవాడట. విచిత్రం ఏమిటంటే, సముద్రాలకి అవతల దీవిలో ఏడో నంబరు గుమస్తా కూడా దాదాపు అదే మాట అన్నాడు. అదే పల్లం, అదే తల వంచడం. ఒకరినొకరు ఎరగని ఇద్దరు, భూమికి ఆ చివరా ఈ చివరా ఒకే కుర్చీని చూశారు. ప్రొఫెసరమ్మ వాదమంతా దాని మీద లేచింది. నాలుగో అధ్యాయం అదే. పుస్తకం పేరు కూడా "ఖాళీ కుర్చీ." ఆ మాట మీద ఆవిడ ఎన్నో సభల్లో ప్రసంగించింది. ఇంకో ఆరు నెలల్లో రిటైరవుతోంది. ఈలోగా పుస్తకం చేతికి రావాలని ఆశ.

నేను ఇప్పటికీ చీటీల మీదే పనిచేస్తాను. ఒక్కో మాటకి ఒక్కో చీటీ రాసి, చెప్పుల పెట్టెలో వేసి, చివర్లో అక్షర క్రమంలో సర్దుతాను. కంప్యూటర్ క్షణంలో చేస్తుందని కుర్రాళ్లు అంటారు. చేస్తుంది. కానీ ఏ మాట పక్కన ఏ మాట వచ్చి కూర్చుందో అది చూసుకోదు.

నాలుగో రోజు మధ్యాహ్నం 'ర' దగ్గరికి వచ్చాను. ఒంట్లో ఓపిక లేదు, మెడ పట్టేసింది. రెండు చీటీలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి.

"రైలు కూత, దీవి: 219."

"రైలు లేకపోవడం, దీవి: 61."

రెండూ నా చేతిరాతే. అరవై ఒకటో పేజీ తీశాను. దీవిలో పాలకులు ఒక్క మైలు కూడా పట్టా వేయలేదని, ఈనాటికీ అక్కడ రైలు లేదని స్పష్టంగా ఉంది. రెండు వందల పంతొమ్మిదో పేజీ తీశాను. దీవి ఏడో నంబరు మాటలు, కుర్చీ ముచ్చట, మధ్యలో కుండలీకరణంలో: (బయట రైలు కూత. ఆయన ఆగాడు.)

ఆ కుండలీకరణాలు మా ఆవిడవి. మాటలతో పాటు వినబడినవన్నీ టైపు చేసేది. కుక్క మొరిగింది. తలుపు కొట్టారు. ఆయన భార్య ఏదో అడిగింది, ఆయన వద్దన్నాడు. అవన్నీ ఎందుకక్కా అని ప్రొఫెసరమ్మ మొదట్లో విసుక్కుంది. "మనిషి గాల్లో కూర్చుని మాట్లాడడు కదమ్మా" అంది మా ఆవిడ. తర్వాత వాటిని తీయకుండా అచ్చు వేసిందంటే ప్రొఫెసరమ్మ ఆ మాట మరిచిపోలేదనే.

రైలు లేని చోట రైలు కూసింది. అంటే ఆ మాటలు దీవివి కావు. రైలున్న పీఠభూమిలో ఆ గుమస్తా తన మాటే రెండో కాసెట్లో ఇంకోసారి చెప్పుకున్నాడు. ఇద్దరు మనుషులు లేరు, రెండు కుర్చీలు లేవు. టైపు చేసిన కాగితం మీద దీవి అని తప్పు పడింది. టైపు చేసింది మా ఆవిడ. ఆ కాగితం తారీఖు నాకు చూడకుండానే తెలుసు. అది ఆవిడ చివరి నెల.

రైలు కూత చీటీని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మూడు రోజులు అది జేబులోనే ఉంది. చొక్కా మారినప్పుడల్లా అదీ మారింది. పుస్తకంలో ఏముండాలో రాసేవాళ్లు తేలుస్తారు, చదివేవాళ్లకి ఏది దొరుకుతుందో మాలాంటివాళ్లం తేలుస్తాం. ఇండెక్స్‌లో లేని రైలు కోసం ఎవరు వెతుకుతారు? చిన్న కూత. ఎవరికీ వినబడదు. బయటపడితే మాత్రం, ఎవరికి అంకితమిచ్చారో ఆవిడ తప్పు మీదే పుస్తకం నిలబడిందని లోకమంతా అంటుంది. ఆవిడ ముప్పై ఏళ్లు విన్నది మరుగున పడి, ఆ ఒక్క కాగితమే మిగులుతుంది.

మూడో రోజు బస్సులో నిలబడి ఉంటే, ఎవరో ఒకామె నా మొహం చూసి లేచి సీటిచ్చింది. నేను అంత అలసటగా కనిపిస్తున్నానని అప్పుడే తెలిసింది. దిగేలోపు నిశ్చయించుకున్నాను, కనీసం ఆ కాసెట్ వినాలి.

కాసెట్లు మా కింది అంతస్తులో చల్లగదిలో ఉంటాయి. దాని బాధ్యత స్వెటరమ్మది. ఏసీ వల్ల ఆ గదిలో ఏడాది పొడవునా చలే.

"రండి ఇండెక్స్ గారూ. దారి తప్పారా?" అంది.

"కాసెట్లు కావాలమ్మా. పీఠభూమి ఏడు, దీవి ఏడు. రెండేసి."

"అబ్బో, అవా? వాటిని ఎవరూ ముట్టుకోక ఎన్నేళ్లయిందో. నాకంటే అవే నయం, ముసలివి కావు." తెచ్చి, పీఠభూమివి ఒక పక్కా దీవివి ఒక పక్కా పెట్టింది. ప్లేయరూ ఇచ్చి, వద్దంటున్నా తన శాలువా తీసి నా భుజాల మీద వేసింది. "ఇక్కడ గంట కూర్చుంటే మిమ్మల్ని కూడా నంబరేసి అరలో పెట్టాలి. కప్పుకోండి."

పీఠభూమి మొదటి కాసెట్ విన్నాను. బొంగురు గొంతు, మాట మాటకీ చిన్న దగ్గు. తర్వాత దీవి రెండోది పెట్టాను. అదే గొంతు, అదే దగ్గు. కుర్చీ గురించి చెబుతూ ఉండగా దూరంగా రైలు కూసింది, ఆయన ఆగాడు. సరిగ్గా మా ఆవిడ రాసినట్టే.

కాసెట్ బయటికి తీసి చీటీ చూశాను. చూసి ఏం లాభం?

"అమ్మా, ఈ చీటీ ఏ రంగు?"

"నీలం."

పీఠభూమి రెండో కాసెట్ చూపించాను. "మరి ఇది?"

"ఆకుపచ్చ. ఏంటి, పరీక్ష పెడుతున్నారా?"

"కాదమ్మా. నాకు తెలీదు. ఈ రెండు రంగులూ నాకు ఒకటే."

స్వెటరమ్మ నవ్వబోయి మానేసింది.

పుట్టుకతోనే అంతే నాకు. మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టి, జీవితాంతం ఆటపట్టించింది. ఒక కాలికి ఒక రంగు మేజోడు వేసుకుని ఆఫీసుకి వస్తే, "ఏవండీ, మీ రెండు కాళ్లూ వేరు వేరు పెళ్లిళ్లకి వెళుతున్నాయా?" అనేది. అందుకే కాసెట్ల చీటీల జోలికి నన్ను ఎప్పుడూ రానివ్వలేదు.

ఆ చీటీ అంచు మీద వేలు పెట్టాను. మా ఆవిడ చీటీల్ని కత్తెరతో కత్తిరించేది, అంచు గీత గీసినట్టుండేది. మొదటి కాసెట్లు రెండూ అలాగే ఉన్నాయి. రెండో కాసెట్ల చీటీలు మాత్రం చేత్తో చింపినవి. అంచు పీచుపీచుగా ఉంది.

చింపింది నేనే.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆవిడ మంచం దిగలేకపోయేది. పని మాత్రం మాననంది. మంచం మీదే టైపు యంత్రం పెట్టించుకుని రోజుకి రెండు పేజీలు, ఒక్కోసారి సగం. కొత్తగా వచ్చిన కాసెట్లకి చీటీలు అంటించి నేనే అందించేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మందుల దుకాణం నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచినీళ్లు తాగుతున్నాను. ఆవిడ చెవులకున్నవి కిందికి లాగి నన్ను పిలిచింది.

"ఏవండీ, దీవిలో రైలుందా?"

"ఉండకేం."

"ఈయన గొంతు కూడా దీవివాళ్ల గొంతులా లేదు. ఒకసారి ఆ పిల్లకి ఫోన్ చేసి అడుగుదామా?"

"అడుగుదాంలే. ముందు పడుకో."

ప్రొఫెసరమ్మని అడగలేదు, ఎవరినీ అడగలేదు. మా ఆవిడా మళ్లీ అనలేదు. విన్నది విన్నట్టు కుండలీకరణంలో పెట్టి, చీటీ రంగుని బట్టి పైన దీవి అని టైపు చేసింది. మూడు వారాలకి పోయింది. పచ్చ చీటీ అంటించిన రెండో కాసెట్, అంటే నిజంగా దీవిది, టైపు కాకుండానే ఉండిపోయింది. ఉన్నవి చాలని అప్పట్లో ప్రొఫెసరమ్మ అనుకుంది.

శాలువా మడిచి స్వెటరమ్మకి ఇచ్చాను. ఆమె కాసెట్లతో పాటు ప్లేయర్ కూడా సంచిలో పెట్టి, "రిజిస్టర్లో తర్వాత రాసుకుంటాను, వెళ్లండి" అంది.

ఆ రోజు లిఫ్ట్ పనిచేస్తోంది. మూడంతస్తులు ఎక్కే ఓపిక లేని రోజున పనిచేయడం దాని మంచితనం. మూడు రోజులుగా లేని తేలిక కూడా ఒకటి నాలో ఉంది. చనిపోయిన మనిషి తప్పు చెప్పడం కష్టం. మన తప్పు మనం చెప్పుకోవడం దానికంటే సులువు.

ప్రొఫెసరమ్మ గదిలో పుస్తకాలు కుర్చీల మీద కూడా ఉంటాయి. ఒక దొంతర తీసి నేల మీద పెట్టి కూర్చోమంది. నేను జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాను. అరవై ఒకటో పేజీ, రెండు వందల పంతొమ్మిదో పేజీ పక్కపక్కన పెట్టాను.

ఆవిడ చదివింది. మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి నుదురు మీద పెట్టుకుంది.

"కాసెట్ విన్నారా బావగారూ?"

"విన్నాను. రెండూ ఒకే గొంతు."

కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్నారు. అది స్టార్ట్ అయ్యాక అంది, "పాపం అక్క. ఆ ఒంట్లో, అన్ని మందులు మింగుతూ, ఇంత చేసిందే ఎక్కువ. ఆవిణ్ణి ఏమీ అనుకోను నేను."

నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆవిడ క్షమించింది, ప్రేమగానే. కానీ ఆ క్షమ తప్పుడు చిరునామాకి వెళుతోంది.

"అక్క కాదమ్మా. నేను." చింపిన అంచు చూపించాను. రంగుల సంగతి చెప్పాను. చివరికి రైలు సంగతి కూడా చెప్పాను, అడిగిందీ, నేను ఉండకేం అన్నదీ, ఫోన్ చేద్దామంటే పడుకోమన్నదీ.

"అడిగిందా?" అంది ప్రొఫెసరమ్మ. "దీవిలో రైలుందా అని అడిగిందా అక్క?"

"అడిగింది."

"ఒక్క ఫోన్ కాల్ బావగారూ."

"ఒక్కటే."

"మీ ఇంటి నుంచి నా గదికి."

"అవును."

తిట్టి ఉంటే బాగుండేదేమో. చీటీని వేలితో తిప్పుతూ, "ఇంకా ఎవరికి తెలుసు?" అంది.

"మీకు, నాకు. స్వెటరమ్మకి సగం. ఆ రైలుకి."

ఆవిడ పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వు అనలేం. "పద్నాలుగేళ్లు. ఎన్ని ఊళ్లలో చెప్పాను ఈ కుర్చీ గురించి. ఒకాయన లేచి నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరు మనుషులని చెప్పాను కదా, ఒక్కడేనా?"

"ఒక్కడే. ఆయన కుర్చీ మాత్రం నిజమే."

"ఒక్కడి కుర్చీతో నాలుగు దేశాల సంగతి చెప్పలేను. పేరు మార్చాలి, అధ్యాయం తీసేయాలి." లేచి ఫోన్ తీసింది, పుస్తకం అచ్చు వేస్తున్న ప్రెస్సాయనకి చేసింది. "నేనండీ. ఆపండి. కాదు, అట్ట మీది బొమ్మ బాగానే ఉంది. పుస్తకమే బాగాలేదు." అటునుంచి ఏమన్నాడో, "తెలుసండీ, రిటైరయ్యేలోపు రాదు" అంది. పెట్టేసింది.

అప్పుడు అడిగింది, "అయితే అసలు దీవాయన ఏమన్నాడు? ఆ పచ్చ చీటీది ఎవరూ వినలేదు కదా."

"వినలేదు. తెచ్చాను."

ప్లేయర్‌ని బల్ల మీద కాగితాల మధ్య పెట్టాం. వింటున్నది ఇద్దరం కాబట్టి చెవులకి తగిలించుకునేవి వద్దనుకున్నాం. కొంచెం గరగర. తర్వాత పల్చని గొంతు, తొందర లేని గొంతు. ప్రశ్న వేస్తున్న సహాయకుడు, ప్రొఫెసరమ్మ రాసిచ్చిన పట్టిక ప్రకారం, దొరగారి కుర్చీ గురించి చెప్పమన్నాడు.

"కుర్చీ ఏం కుర్చీ?" అన్నాడు ముసలాయన. "మా దొరకి నడుం నొప్పి. నిలబడే పనిచేసేవాడు."

ప్రొఫెసరమ్మ చేత్తో నోరు మూసుకుంది. ఆయన ఇంకా చెబుతున్నాడు. వాళ్ల ఆఫీసులో పైకప్పు కారేదట. నేల మీద తెల్ల రంగుతో గుర్తులు వేసి ఉండేవట, ఏ బల్ల కాళ్లు ఎక్కడుండాలో. ఈయన బల్ల సరిగ్గా కారే చోట. ఇరవై రెండేళ్లు ఫైళ్ల మీద గొడుగు పట్టుకుని రాశాడట. జరుపుకుంటానని అర్జీ పెడితే గుర్తు అక్కడే ఉందని జవాబు వచ్చిందట. దొరలు ఓడెక్కి వెళ్లిపోయిన మర్నాడు జెండాలూ ప్రసంగాలూ అయ్యాయి, తను మాత్రం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి బల్లని రెండడుగులు పక్కకి జరుపుకున్నాడట.

"అంతే. రెండడుగులు" అన్నాడు. "కప్పు ఇప్పటికీ కారుతూనే ఉంది. నా మీద కారడం లేదు."

తర్వాత ఇంకెంతసేపు బాబూ, ఇంట్లో కోళ్లకి మేత వేయాలి అన్నాడు. కాసెట్ ఆగింది.

ప్రొఫెసరమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు, చూడటం మర్యాద కాదనిపించింది. కొంతసేపటికి, "ఇది నా వాదానికి ఏ రకంగానూ పనికిరాదు" అంది ముక్కు చీదుకుంటూ. "ఎంత బాగుంది బావగారూ."

"బాగుంది."

"టైపు చేయాలి."

"నేను చేస్తాను. వేగం లేదు, రెండు వేళ్లతో కొడతాను."

"నాకిప్పుడు తొందర ఎక్కడిది?" మొదటి పేజీ తీసింది, అంకితం ఉన్న పేజీ. కొట్టేస్తుందేమో అనుకున్నాను. ఆవిడ పెన్సిల్‌తో ఆ వాక్యం కింద చిన్న టిక్కు పెట్టింది, ప్రూఫులో సరిగ్గా ఉన్నవాటికి పెట్టేలాంటిది. "అందరి మాటా విన్నది కదా" అంది. "మనమే ఆవిడ మాట వినలేదు."

మనమే అంది. మీరే అనలేదు.

మర్నాడు మా ఆవిడ టైపు యంత్రం చల్లగదిలోనే ఒక అటక మీద ఉందని స్వెటరమ్మ వెతికి తెచ్చింది. దుమ్ము తుడిచి, శాలువా ఈసారీ అడక్కుండానే వేసింది. కాగితం పైన మొదట రాయాల్సిన చోట ఆమెని పిలిచి చీటీ చూపించాను, ఇది పచ్చే కదా, అంటే చీటీ ప్రకారం పీఠభూమి, నేను మాత్రం దీవి అని కొడుతున్నాను, సరేనా అని. సరేనంది. చెవులకి తగిలించుకున్నాను. మాట తర్వాత మాట, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని. మధ్యాహ్నానికి ఒక పేజీ అయింది. మెడ లాగుతోంది.

ముసలాయన బల్ల జరిపాను అన్న దగ్గర వెనకాల ఏదో చప్పుడుంది. ముందురోజు గదిలో మాకు వినబడలేదు. చాలాసార్లు తిప్పి విన్నాను. సముద్రం కావచ్చు. చీపురు కావచ్చు. ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు కూడా ఉంది. సముద్రమేలే అని కొట్టేసి ముందుకి వెళ్లొచ్చు, ఎవరికీ తెలీదు.

కుండలీకరణం తెరిచి, రెండు వేళ్లతో కొట్టాను: (ఏదో చప్పుడు. తెలియలేదు. అడగాలి.)

తర్వాత లేచి ప్రొఫెసరమ్మకి ఫోన్ చేశాను.